కుటుంబ వలస: దరఖాస్తు ఒక్కటే, గడువులు ఎన్నో

విదేశంలో స్థిరపడాలనుకునే కుటుంబాల్లో చర్చ సాధారణంగా దేశం ఎంపికతోనే మొదలవుతుంది. ఎక్కడ జీతాలు బాగుంటాయి, ఎక్కడ శాశ్వత నివాస హోదా త్వరగా వస్తుంది, ఎక్కడ తెలిసినవాళ్లున్నారు అన్నవి ముందుగా వినిపించే ప్రశ్నలు. వీటికి తోచిన జవాబు దొరికాక, ఇంట్లో చదువూ అనుభవమూ ఎక్కువున్నవారి పేరిట దరఖాస్తు పని మొదలవుతుంది. మిగతావాళ్లు ఆ దరఖాస్తు చివర చేరే పేర్లుగా మిగిలిపోతారు. చాలా ప్రణాళికలు బెడిసికొట్టేది ఇక్కడే. కాగితం మీద కుటుంబం ఒక్క దరఖాస్తే కావచ్చు గానీ, అందులోని ఒక్కొక్కరికీ ఒక్కో గడువు నడుస్తుంటుంది. దరఖాస్తుదారుకు వయసు పెరిగేకొద్దీ పాయింట్లు తరుగుతాయి, కొడుకో కూతురో ‘పిల్లల’ లెక్కలోంచి జారిపోయే పుట్టినరోజు దగ్గరపడుతుంది, రాసిన భాషా పరీక్షకు కాలం చెల్లుతుంది, వెంట రాని తల్లిదండ్రులు వృద్ధులవుతారు. అర్హత ఎక్కువున్నవారి దగ్గర కాక, గడువు తక్కువున్నవారి దగ్గర లెక్క మొదలుపెడితే, దేశం ఎంపికతో సహా చాలా నిర్ణయాలు మరోలా తేలతాయి.

పిల్లల వయసు ఇందుకు అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. తల్లిదండ్రుల వెంట రాగలిగే సంతానానికి వయసు పరిమితి ఎంత అన్నదానికి ప్రపంచమంతటా ఒకే కొలత లేదు. బ్రిటన్ సాధారణంగా దరఖాస్తు నాటికి 18 ఏళ్లు నిండనివారినే పిల్లలుగా చూస్తుంది. అమెరికాలో 21 నిండకూడదు, పెళ్లి కాకూడదు. కెనడాలో 22 నిండనివారై, పెళ్లిగానీ సహజీవనంగానీ లేనివారై ఉండాలి. ఆస్ట్రేలియాలో 18 దాటినా 23 నిండేవరకు, తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నట్టు రుజువు చూపితే చేర్చుకోవచ్చు. న్యూజిలాండ్‌లో ఇంచుమించు ఇటువంటి షరతులతో 24 ఏళ్లవరకు వీలుంటుంది. అంటే 19 ఏళ్ల యువతి ఒక దేశం లెక్కలో తల్లిదండ్రుల వెంట రాదగిన బిడ్డ, మరో దేశం లెక్కలో సొంత వీసా సంపాదించుకోవలసిన వయోజనురాలు. ఇంట్లో టీనేజి పిల్లలున్నప్పుడు, జీతాల పట్టిక కన్నా ముందు చూడవలసినది ఈ పట్టికనే.

పరిమితి ఎంతో తెలిస్తే సరిపోదు, వయసును ఏ తేదీన కొలుస్తారో కూడా తెలియాలి. కెనడాలో నైపుణ్యమున్నవారిని పాయింట్లతో ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో శాశ్వత నివాసానికి పూర్తి దరఖాస్తు అందిన రోజున బిడ్డ వయసు ఖరారవుతుంది. ఆ తరువాత నిర్ణయం ఎంత ఆలస్యమైనా మధ్యలో వచ్చే పుట్టినరోజు నష్టం చేయదు. అమెరికాలో లెక్క దీనికి భిన్నం. అక్కడ ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా అందులో 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితి ఉండటంతో, దరఖాస్తులు ఎక్కువగా వచ్చే దేశాలవారి వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం గ్రీన్‌కార్డు పిటిషన్ పరిశీలనకు పట్టిన కాలాన్ని బిడ్డ వయసులోంచి తీసివేయనిస్తుంది గానీ, పిటిషన్ ఆమోదం పొందాక వరుసలో నిలబడిన ఏళ్లను తీసివేయనివ్వదు. అందువల్ల నాలుగైదేళ్ల వయసులో హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లి, అక్కడి బడిలోనే చదువంతా సాగించిన పిల్లలు 21 నిండగానే విద్యార్థి వీసాకో మరో హోదాకో మారవలసి వస్తోంది, లేదా దేశం విడవవలసి వస్తోంది. ఈ వరుసలో లెక్కకు వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. భార్యాభర్తల్లో ఒకరు వరుస తక్కువగా ఉన్న దేశంలో పుట్టి ఉంటే ఇద్దరూ ఆ దేశపు కోటాలో చేరే వెసులుబాటు చట్టంలోనే ఉంది. ఎక్కువమందికి ఇది అక్కరకు రాదు. అక్కరకు వచ్చే కొద్దిమందిలోనూ కొందరికి దీని సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇటువంటి నిబంధనలు రాతి మీద చెక్కినవి కావు. కెనడా తన వయసు పరిమితిని 2014 ఆగస్టులో 22 నుంచి 19కి దించి, 2017 అక్టోబరులో మళ్లీ 22కి పెంచింది. మధ్యలోని మూడేళ్లలో 19, 20, 21 ఏళ్ల పిల్లలున్న కుటుంబాలు తమ తప్పేమీ లేకుండానే ఇరుకున పడ్డాయి. కాబట్టి బిడ్డ వయసు పరిమితికి ఆరు నెలల ముందు దరఖాస్తు పెట్టవచ్చన్న లెక్క కాగితం మీద సరైనదే అయినా, ప్రణాళికగా బలహీనమైనది. రెండు మూడేళ్ల ఎడం ఉంటే తప్ప నిబంధనల మార్పును తట్టుకునే శక్తి ఆ ప్రణాళికకు ఉండదు.

పెద్దల వయసు ఇలా ఒక్కరోజులో తలుపు మూయదు, ఏటా కొంచెం కొంచెంగా మూస్తుంది. నైపుణ్యాలకు పాయింట్లు వేసి వలసదారులను ఎంచుకునే పద్ధతిని కెనడా 1967లో మొదలుపెట్టింది. తరువాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తమ తమ రూపాల్లో దాన్ని అనుసరించాయి. 2015లో అమల్లోకి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, జీవిత భాగస్వామితో కలిసి దరఖాస్తు చేసేవారికి 20 నుంచి 29 ఏళ్లవరకు వయసు కింద 100 పాయింట్లు వస్తాయి. 35 ఏళ్లకు అవి 70కి, 40 ఏళ్లకు 45కి దిగి, 45 నిండేసరికి సున్నా అవుతాయి. ఆస్ట్రేలియా పాయింట్ల పరీక్షలో 25 నుంచి 32 ఏళ్లవారికి 30, 33 నుంచి 39 ఏళ్లవారికి 25, 40 నుంచి 44 ఏళ్లవారికి 15 పాయింట్లు. 45 నిండితే ఆ మార్గంలో ఆహ్వానమే రాదు. మరో పదోన్నతి వచ్చాక వెళదాం, ఇంటి అప్పు తీరాక వెళదాం అని వాయిదా వేసేవారు ఆ రెండేళ్ల అనుభవంతో పెరిగే పాయింట్లనూ, అదే కాలంలో వయసుతో తగ్గే పాయింట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ముప్పైలు దాటినవారికి చాలా సందర్భాల్లో ఆగడం వల్ల నష్టమే మిగులుతుంది.

ప్రధాన దరఖాస్తుదారు ఎవరు అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. జీతం ఎక్కువున్న వ్యక్తి పేరిట, అలవాటుగా భర్త పేరిట, దరఖాస్తు పెట్టడం మామూలు. పాయింట్ల పద్ధతికి మాత్రం జీతంతో పెద్ద నిమిత్తం లేదు; వయసు, భాష, చదువు, వృత్తి చూస్తుంది. రెండు పేర్లతో విడివిడిగా లెక్క కట్టి చూస్తే భార్య పేరిటే ఎక్కువ పాయింట్లు వచ్చే ఇళ్లు తక్కువేమీ కాదు. రెండో వ్యక్తి భాషా పరీక్ష రాస్తే ప్రధాన దరఖాస్తుకూ బలం చేకూరుతుంది. కెనడాలో భాగస్వామి చదువు, భాష, అక్కడి అనుభవం కలిపి 40 పాయింట్లవరకు చేరతాయి. ఆస్ట్రేలియాలో భాగస్వామికి తగినంత ఇంగ్లిషు ఉంటే 5, దానితోపాటు జాబితాలోని వృత్తికి నైపుణ్య మదింపు కూడా ఉంటే 10. కటాఫ్‌కు రెండు మూడు పాయింట్ల దూరంలో ఆగిపోయినవారికి ఇవి చిన్న అంకెలు కావు.

ఇక కాగితాలు. ఇక్కడ చిక్కు కాగితాలు ఎక్కువ కావడం కాదు, ఒక్కోదానికి ఒక్కో ఆయుష్షు ఉండటం. కెనడాకు భాషా పరీక్ష ఫలితం రెండేళ్లు చెల్లుతుంది, విదేశీ చదువుకు చేయించే సమానత్వ మదింపు ఐదేళ్లు, వైద్య పరీక్ష పన్నెండు నెలలు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఆహ్వానం అందాక పూర్తి దరఖాస్తు దాఖలు చేయడానికి 60 రోజులే ఉంటాయి. గత పదేళ్లలో ఆరు నెలలు లేదా అంతకు మించి వరుసగా నివసించిన ప్రతి దేశం నుంచీ పోలీసు ధ్రువపత్రం అడుగుతారు. ప్రస్తుతం ఉంటున్న దేశపు పత్రం దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లోపు తీసుకున్నదై ఉండాలి; ఇదివరకు ఉన్న దేశానిదైతే అక్కడ చివరిసారి నివసించిన తరువాత తీసుకున్నదై ఉండాలి. మూడు నాలుగు దేశాల్లో పనిచేసినవారు ఆహ్వానం వచ్చాక ఈ వేటకు దిగితే 60 రోజులు ఇట్టే గడిచిపోతాయి. అలాగని అన్నీ ఎప్పుడో ముందే సిద్ధం చేసి పెట్టుకుంటే, చేతికందే వేళకు కొన్నిటికి కాలం చెల్లి ఉంటుంది. ఆయుష్షు ఎక్కువున్నవి, సంపాదించడానికి ఎక్కువ కాలం పట్టేవి ముందు. ఆయుష్షు తక్కువున్నవి చివర. చదువు మదింపు కోసం విశ్వవిద్యాలయాలు నేరుగా పంపవలసిన మార్కుల పత్రాలూ, పాత యజమానుల నుంచి విధుల వివరాలతో తెచ్చుకోవలసిన అనుభవ పత్రాలూ మొదటి కోవలోకి వస్తాయి. మూతపడిన సంస్థ నుంచి అనుభవ పత్రం తెచ్చుకోవలసి వచ్చినవారికి ఈ క్రమం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

పాస్‌పోర్టుల మీద ఒక మాట. కుటుంబంలో అందరి పాస్‌పోర్టులకూ గడువు ఒకేసారి తీరదు. చిన్నపిల్లలవి సాధారణంగా పెద్దలకన్నా త్వరగా తీరతాయి. వలస వీసా గడువును పాస్‌పోర్టు, వైద్య పరీక్ష గడువుల్లో ఏది ముందైతే దానికి కట్టే దేశాల్లో, ఒక్క బిడ్డ పాస్‌పోర్టు వల్ల ఇంటిల్లిపాదీ హడావుడిగా బయలుదేరవలసి వస్తుంది. దరఖాస్తుకు ముందే అందరివీ పునరుద్ధరించుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

పేర్ల తేడాలు దీనికన్నా మొండివి. పుట్టిన ధ్రువపత్రంలో ఒకలా, బడి సర్టిఫికెట్‌లో మరోలా, పెళ్లి తరువాత మార్చుకున్న పాస్‌పోర్టులో ఇంకోలా ఉన్న పేరు ఒకే మనిషిదని ప్రతి కార్యాలయంలోనూ రుజువు చేసుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి అమెరికా వీసాలో మొదటి పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అన్న అక్షరాలు (‘మొదటి పేరు తెలియదు’ అనే ఇంగ్లిషు మాటలకు పొడి రూపం) పడతాయి. ఆపైన అవే అక్షరాలు లైసెన్సులోకీ బ్యాంకు ఖాతాలోకీ పాకి, ఆ మనిషికి అదే పేరైపోతుంది. సొంత దేశంలో ఉండగా సరిదిద్దుకోవడానికి వారాలు పట్టే పనికి, వెళ్లాక దూరం నుంచి నెలలు పడుతుంది. పత్రాల ధ్రువీకరణకు 1961 నాటి హేగ్ ఒప్పందం కింద అపోస్టిల్ అనే ఒకే ముద్ర సాధారణంగా సభ్య దేశాల్లో చెల్లుతుంది. చైనాలో 2023 నవంబరు నుంచి, కెనడాలో 2024 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అయితే ఆ ముద్ర ధ్రువీకరించేది పత్రం మీది సంతకాన్నీ అధికారి హోదానూ మాత్రమే. లోపలున్న పేరు తప్పైతే అపోస్టిల్ వేసినా తప్పుగానే ఉంటుంది.

విడాకులు పొందినవారి పిల్లలు, మొదటి వివాహపు పిల్లలు ఉన్న కుటుంబాలకు మరో అంచె ఉంది. వెంట రాని తల్లి లేదా తండ్రి రాతపూర్వక సమ్మతిగానీ, కోర్టు ఉత్తర్వుగానీ లేనిదే బిడ్డకు వీసా కదలదు. సమ్మతి లేకుండా బిడ్డను తీసుకువెళితే, 1980 నాటి హేగ్ బాలల అపహరణ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య బిడ్డను వెనక్కి పంపించే ప్రక్రియ మొదలుకావచ్చు. కోర్టు పనికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు కాబట్టి, ఇటువంటి ఇళ్లలో అన్నిటికన్నా ముందు మొదలుకావలసినది ఈ పనే.

దరఖాస్తులో ఎవరి పేరు రాయాలన్న విషయంలో జరిగే ఒక పొరపాటు మాత్రం జన్మంతా వెంటాడగలదు. ఇప్పుడు రావడం లేదు కదా అని భార్యనో, మాజీ భార్య దగ్గర పెరుగుతున్న బిడ్డనో రాయకుండా వదిలేయడం అలాంటిది. కెనడా వలస నియమావళిలోని 117(9)(డి) నిబంధన ప్రకారం, శాశ్వత నివాసి కావడానికి ముందు ఉన్న కుటుంబ సభ్యుణ్ని దరఖాస్తులో చూపకుండా, పరీక్షింపజేయకుండా వదిలేస్తే, ఆ వ్యక్తిని తరువాత కుటుంబ వర్గంలో స్పాన్సర్ చేసే దారి మూసుకుపోతుంది. దరఖాస్తుకూ ప్రయాణానికీ మధ్య జరిగిన పెళ్లినీ, పుట్టిన బిడ్డనూ తెలియజేయకపోయినా ఫలితం అదే. కొందరికి ఊరట కల్పిస్తూ 2019లో ఒక ప్రత్యేక ఏర్పాటు వచ్చింది గానీ, దాన్ని నమ్ముకుని పేరు దాచడం తెలివైన పని కాదు. వెంట వచ్చినా రాకపోయినా పేరు రాయడమే సరైన పద్ధతి. చూపవలసిన నిధుల లెక్కలో కూడా కెనడా వెంట రాని భాగస్వామినీ పిల్లలనూ కలిపే గుణిస్తుంది.

ఆరోగ్యం గురించి ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ. ఆస్ట్రేలియా చాలా వీసాల్లో కుటుంబాన్ని ఒక్క యూనిట్‌గా చూస్తుంది. ఒక్కరు ఆరోగ్య ప్రమాణం అందుకోలేకపోతే అందరి దరఖాస్తూ తిరస్కరణకు గురవుతుంది. ఒక వ్యక్తి చికిత్సకూ సేవలకూ ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఇంతకు మించకూడదన్న హద్దును 2024 జులైలో 51,000 నుంచి 86,000 ఆస్ట్రేలియన్ డాలర్లకు పెంచారు. కొన్ని వీసాల్లో మినహాయింపు కోరే అవకాశం ఉంది, కొన్నిటిలో లేదు. కెనడా తన ఖర్చు హద్దును 2018లో మూడింతలు చేసింది. స్పాన్సర్ చేసిన భార్యాభర్తలకూ పిల్లలకూ అక్కడ ఈ నిబంధన వర్తించదు. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న కుటుంబం జీతమూ వాతావరణమూ చూసి దేశాన్ని ఎంచుకుంటే, వేల డాలర్ల రుసుములు కట్టాక వైద్య పరీక్ష దశలో ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క అంశానికైనా ముందుగా నిపుణుడి సలహాకు డబ్బు ఖర్చుపెట్టడం వృథా కాదు.

ఖర్చుల లెక్కలో తరచూ కనబడే లోపం, వీసా రుసుమునూ టికెట్లనూ కలిపి దాన్నే మొత్తం అనుకోవడం. బ్రిటన్‌ను చూస్తే, 2024 ఫిబ్రవరి నుంచి ఆరోగ్య సేవల సర్‌చార్జి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. వీసా కాలం మొత్తానికీ దీన్ని ముందే కట్టాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలున్న కుటుంబం ఐదేళ్ల వీసాకు ఈ ఒక్క పద్దు కిందే 18,110 పౌండ్లు సిద్ధం చేసుకోవాలి. ఉద్యోగమిచ్చే సంస్థ ఉద్యోగి వాటా భరించి కుటుంబం వాటా వదిలేస్తే, మిగిలేదీ పెద్ద మొత్తమే. కెనడాలో నిధుల రుజువు కోసం ఇచ్చే బ్యాంకు లేఖలో గత ఆరు నెలల సగటు నిల్వ కూడా ఉండాలి. దరఖాస్తుకు వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేసిన సొమ్ము ఆ సగటులోనే బయటపడుతుంది. వెళ్లాక మొదటి ఏడాది అద్దెకు పెద్ద అడ్వాన్సు ఇవ్వవలసి రావచ్చు, ఎందుకంటే కొత్తవారికి అక్కడ రుణ చరిత్ర ఉండదు. సొంత దేశంలో ఎంత మంచి చరిత్ర ఉన్నా అది సాధారణంగా సరిహద్దు దాటి రాదు. వాహన బీమాకూ ఇదే వరుస; పాత బీమా సంస్థ నుంచి క్లెయిములు లేవన్న లేఖ తెచ్చుకుంటే కొన్ని చోట్ల ప్రీమియం తగ్గుతుంది.

జీతం అంచనాలో మరో పెద్ద అపోహ ఉంది. నివసించే హక్కు వేరు, వృత్తి చేసే హక్కు వేరు. వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు వలస పాయింట్లు సంపాదించినంత మాత్రాన ఆ దేశంలో ఆ పని చేయలేరు. అక్కడి వృత్తి నియంత్రణ సంస్థ లైసెన్సు ఇవ్వాలి. అమెరికాలో వైద్యుడిగా పనిచేయాలంటే విదేశీ పట్టభద్రులు యూఎస్ఎంఎల్ఈ అనే వైద్య లైసెన్సు పరీక్షలతోపాటు సాధారణంగా అక్కడి ఆసుపత్రుల్లో రెసిడెన్సీ శిక్షణ కూడా పూర్తిచేయాలి. నర్సులకు ఎన్‌క్లెక్స్ పరీక్ష అమెరికాలోనూ, 2015 నుంచి కెనడాలోని చాలా రాష్ట్రాల్లోనూ ఉంది. ఇటువంటి పరీక్షల్లో కొన్నిటిని ప్రయాణానికి ముందే రాయవచ్చు, పత్రాల పరిశీలన కూడా మొదలుపెట్టవచ్చు. ఈ పనిని వెళ్లాక చూసుకుందామనుకునే కుటుంబం ఒక ఏడాది పాటు, కొన్ని వృత్తుల్లో అంతకన్నా ఎక్కువకాలం, ఒక్క జీతంతో నడవడానికి సిద్ధపడాలి. అసలు భాగస్వామికి పనిచేసే అనుమతి ఉందా అన్నదీ ముందే తేల్చుకోవలసిన సంగతే. అమెరికాలో హెచ్-4 వీసా మీదున్న భాగస్వాముల్లో కొందరికి 2015 మే నుంచి పని అనుమతి లభిస్తోంది, అదీ ప్రధాన వీసాదారు గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటాకనే. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు మినహా చాలామంది విద్యార్థులకు, అదే ఏడాది మార్చి నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లకు, కుటుంబాన్ని తెచ్చుకునే వీలు తీసేసింది.

పిల్లల చదువు విషయంలో వీసా నిబంధనలేవీ చెప్పని గడువు ఒకటుంది. కెనడా భాషా శాస్త్రవేత్త జిమ్ కమిన్స్ గుర్తించినట్టు, కొత్త భాషలో ఆటపాటల సంభాషణ పిల్లలకు రెండేళ్లలోపే పట్టుబడుతుంది. పాఠ్యపుస్తకాల భాషలో తోటివారి స్థాయిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. బోధన భాష మారని పిల్లలకు ఈ భారం తేలిక. మారేవారి విషయంలో ఏడేళ్ల బిడ్డకు ఉన్నత పాఠశాల ముగిసేలోగా కావలసినంత సమయం ఉంటుంది, పదిహేనేళ్ల బిడ్డకు ఉండదు. గలగలా మాట్లాడుతున్నాడు కదా అని నిశ్చింతగా ఉన్న తల్లిదండ్రులు, మార్కుల జాబితా చూసి ఉలిక్కిపడేది ఇందుకే. బడి తెరిచే నెల కూడా ముఖ్యం. ఆస్ట్రేలియాలో విద్యా సంవత్సరం జనవరి చివర్లో మొదలవుతుంది, బ్రిటన్‌లో సెప్టెంబరులో, అమెరికా, కెనడాల్లో ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో. ఒక అర్ధగోళం నుంచి మరో అర్ధగోళానికి మారే బిడ్డ అర్ధ సంవత్సరం కోల్పోవచ్చు, లేదా అర్ధ సంవత్సరం ముందుకు దూకవలసి రావచ్చు. పై చదువుల ఫీజుకూ ఇటువంటి లెక్కే ఉంది. ఇంగ్లండ్‌లో స్థానిక విద్యార్థి ఫీజుకు అర్హత రావాలంటే తగిన నివాస హోదాతోపాటు, కోర్సుకు ముందు సాధారణంగా మూడేళ్ల నివాసం ఉండాలి. అమెరికాలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రాష్ట్రవాసుల ఫీజుకు తరచుగా ఏడాది నివాసం అడుగుతాయి. పెద్దబిడ్డ 17వ ఏట వెళ్లడానికీ 14వ ఏట వెళ్లడానికీ మధ్య ఫీజుల్లో తేడా, కొన్ని కుటుంబాలకు ఇల్లు కొనడానికి కూడబెట్టిన సొమ్ముకు సమానం కావచ్చు.

ఇవన్నీ ఒక ఊహాజనితమైన కుటుంబం మీద పెట్టి చూస్తే లెక్క తేటపడుతుంది. భర్తకు 38, ఇంజినీరు; భార్యకు 36, నర్సు; కొడుకుకు 20, కూతురికి 13 ఏళ్లు. అలవాటు ప్రకారమైతే భర్త పేరిట, జీతాలు ఎక్కువున్న దేశానికి ప్రయత్నం మొదలవుతుంది. గడువుల ప్రకారం చూస్తే ముందు కనిపించేది కొడుకు. బ్రిటన్‌కు అతను తల్లిదండ్రుల వెంట వెళ్లగల వయసు దాటిపోయింది. అమెరికా వరుసలో అతనికి మిగిలింది ఏడాదే. కెనడాకు రెండేళ్ల లోపు, ఆస్ట్రేలియాకు మూడేళ్ల లోపు వ్యవధి ఉంది, అదీ అతను పెళ్లి చేసుకోకుండా, సంపాదనలో పడి ఆధారపడిన హోదా పోగొట్టుకోకుండా ఉంటేనే. కెనడాలో భర్తకు వయసు కింద 55 పాయింట్లు వస్తే భార్యకు 65 వస్తాయి. పైగా 2023 నుంచి ఆరోగ్య రంగం వారికి విడిగా ఆహ్వానాలు పంపే పద్ధతి అక్కడ ఉంది కాబట్టి, ప్రధాన దరఖాస్తు ఆమె పేరిట ఉండటమే మేలు. అప్పుడు ఆమె భాషా పరీక్షా చదువు మదింపూ వెంటనే మొదలుకావాలి, వాటికి సమాంతరంగా నర్సు లైసెన్సు పని సాగాలి. లేకపోతే ఎవరి వృత్తి వల్ల కుటుంబానికి అనుమతి దొరికిందో ఆ మనిషే అక్కడ మరో పని వెతుక్కోవలసి వస్తుంది. కూతురు పదిహేనేళ్లకు అక్కడ అడుగుపెడుతుందనుకుంటే, ఈ రెండేళ్లలో ఆమె చదవడం, రాయడం మీద పెట్టే శ్రద్ధకు ఆ తరువాత పెట్టేదానికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. కొడుకు గడువు తప్పితే అతనికి విడిగా విద్యార్థి వీసా, విదేశీ విద్యార్థుల ఫీజు. ఆ ఖర్చును రెండో దారిగా ఇప్పుడే లెక్కవేసి పెట్టుకోవాలి. కుటుంబ ప్రణాళిక అంతా భర్త ఉద్యోగం చుట్టూ తిరగవలసిన అవసరం ఇందులో ఎక్కడా కనబడదు.

ఒకరు ముందు వెళ్లి కుదురుకున్నాక మిగతావారు వెళ్లాలా, అందరూ ఒకేసారి వెళ్లాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. మూడు నాలుగు నెలల ఎడం అద్దె ఇల్లు చూడటానికీ ఉద్యోగంలో నిలదొక్కుకోవడానికీ పనికొస్తుంది. తేదీ అనుకోకుండా పెట్టిన ఎడం మాత్రం రెండు సంసారాల ఖర్చుతో ఏళ్ల తరబడి సాగే ప్రమాదం ఉంది. హోదాను నిలుపుకునే లెక్కలూ పక్కన నడుస్తుంటాయి: కెనడా శాశ్వత నివాసి ప్రతి ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి, పౌరసత్వానికి ఐదేళ్లలో 1,095 రోజులు చూపాలి, బ్రిటన్‌లో స్థిరనివాసం కోరే ఉద్యోగులు ఏ పన్నెండు నెలల్లోనూ 180 రోజులకు మించి బయట ఉండకూడదు.

ఆస్తుల విషయంలో బయలుదేరే తేదీకి పన్నుల పరంగా విలువ ఉంది. కెనడా, ఆస్ట్రేలియా కొత్తగా నివాసి అయినవారి విదేశీ ఆస్తులను సాధారణంగా ఆ రోజు మార్కెట్ విలువకు కొన్నట్టు పరిగణిస్తాయి. ఆ తేదీనాటి విలువను నిపుణుడి చేత రాయించి దాచుకుంటే, పదేళ్ల తరువాత అమ్మినప్పుడు అంతకుముందు పెరిగిన విలువ మీద అక్కడ పన్ను పడదు. అమెరికాలో ఆ వెసులుబాటు లేదు, ఎప్పుడో కొన్న ధర నుంచే లాభం లెక్కిస్తారు. పైగా అక్కడి పన్ను నివాసి విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా వివరాలు దాఖలు చేయాలి. అమ్మదలచిన స్థలమో షేర్లో ఉంటే, ప్రయాణానికి ముందు అమ్మడం, తరువాత అమ్మడం రెండు వేరు వేరు లెక్కలు. ఉన్నదంతా అమ్ముకుని వెళ్లడం కూడా మంచిది కాదు. మొదటి రెండేళ్లలో వెనక్కి రావలసిన అవసరం ఎవరికైనా కలగవచ్చు, ఆ దారికి కొంత సొమ్మూ ఒక చిరునామా మిగలాలి.

సలహాదారుల ఎంపికలో ఒక్క పరీక్ష చాలు: వారి పేరు అధికారిక నమోదు జాబితాలో ఉందా లేదా. కెనడాకు వలస సలహాదారుల నియంత్రణ సంస్థ, ఆస్ట్రేలియాకు మైగ్రేషన్ ఏజెంట్ల నమోదు సంస్థ, బ్రిటన్‌కు 2025 జనవరి నుంచి ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీగా పేరు మారిన సంస్థ ఈ జాబితాలను బహిరంగంగా ఉంచుతాయి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారి పేర్లు ఆ జాబితాల్లో వెతకడం ఎలాగూ దండగ. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ ఆఫరుకు ఇచ్చే పాయింట్లను 2025 మార్చిలో ఎత్తివేసింది. అటువంటి ఆఫర్లు అమ్ముకునే వ్యాపారం దానికి ఒక కారణం.

చివరికి మిగిలేది దరఖాస్తులో పేరే లేనివారి సంగతి. పిల్లలు కుదురుకున్నాక అమ్మానాన్నలను పిలిపించుకుందాం అనుకునే కుటుంబాలు ఆ దారి ఎంత ఇరుకో ముందు చూడవు. అమెరికాలో 21 నిండిన పౌరులు తల్లిదండ్రులను వార్షిక పరిమితి లేకుండా తెచ్చుకోవచ్చు గానీ, ఆ పౌరసత్వం రావడానికే గ్రీన్‌కార్డు తరువాత సాధారణంగా ఐదేళ్లు పడుతుంది. కెనడా తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్‌కు 2020లో ఆసక్తి నమోదు చేసుకున్నవారి జాబితా నుంచే 2025 దాకా ఆహ్వానాలు పంపుతూ వచ్చింది. బదులుగా ఉన్న సూపర్ వీసా అనే దీర్ఘకాల సందర్శక వీసాలో ఒక్కసారికి ఐదేళ్లవరకు ఉండవచ్చు, కనీసం లక్ష కెనడియన్ డాలర్ల ఆరోగ్య బీమా చూపాలి. ఆ బీమా ప్రీమియం వయసుతోనూ పాత జబ్బులతోనూ పెరుగుతుంది. బ్రిటన్ వృద్ధ తల్లిదండ్రుల మార్గాన్ని 2012లో దాదాపు మూసినంత పని చేసింది. ఆస్ట్రేలియాలో తక్కువ రుసుము మార్గానికి నిరీక్షణ దాదాపు 30 ఏళ్లు, ఎక్కువ రుసుము మార్గానికి తలకు 40,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పైమాట. ఇంకా అక్కడ కుటుంబ సమతుల్యత పరీక్ష అని ఒకటి ఉంది. తల్లిదండ్రుల సంతానంలో కనీసం సగంమంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలి, లేదా మరే ఒక్క దేశంలోకన్నా అక్కడ ఎక్కువమంది ఉండాలి. నలుగురు సంతానంలో ఒక్కరే ఆస్ట్రేలియా వెళ్లి, మిగతా ముగ్గురు మరెక్కడ ఉన్నా, ఆ తల్లిదండ్రులకు ఈ మార్గం అందదు. ఇద్దరు వెళితే అందుతుంది. కాబట్టి ఏ దేశానికి వెళ్లాలన్న నిర్ణయంలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఎక్కడ స్థిరపడబోతున్నారన్నది కూడా లెక్కకు వస్తుంది.